ఏడో మగ్గం అతుకు

పోయిన వారం మీరు నన్ను నూలువారిపల్లె మగ్గాల షెడ్డులో, పన్నెండు మంది నేతగాళ్ల ముందు తప్పు బయటపడి నిలబడిన చోట వదిలి వెళ్లారు. ఇవాళే పత్రిక చేతికి తీసుకున్నవాళ్ల కోసం నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. ఎక్కువ చెప్పడానికి టైము లేదు. గోడ గడియారం ఎనిమిది నలభై చూపిస్తోంది. పదకొండుకు ప్రమీలారాణి గారు హైదరాబాదు నుంచి దిగుతున్నారు.

నా పేరు స్వర్ణలత. బద్వేలులో మోటార్లకు వైండింగ్ కట్టే ఓబుళేశు కూతుర్ని. ఎలక్ట్రానిక్స్ డిప్లమా చదివాను, పని మాత్రం మా నాయన అంగడిలో నేర్చుకున్నాను. మూడు నెలల కిందట ఈ ఊరి చేనేత సొసైటీ ప్రెసిడెంటు రామసుబ్బమ్మ నన్ను పిలిపించి, తన ఇంట్లోనే గది ఇచ్చి, తన చేత్తోనే అన్నం పెడుతూ ఈ పని అప్పజెప్పింది. షెడ్డులో పన్నెండు గుంట మగ్గాలున్నాయి. ఒక్కో మగ్గం పైన ఒక పెట్టె, అందులో పేకముక్కంత చిన్న కంప్యూటరు. నేతగాడు అడ్డపోగు నడిపే నాడె విసిరిన ప్రతిసారీ అది గుర్తుపెట్టుకుని పక్కనే సొసైటీ హాల్లో ఉన్న పెద్ద కంప్యూటరుకు కబురు పంపుతుంది. పది రోజుల కిందట ప్రతి పెట్టెకూ ఒక కెమెరా కూడా తగిలించాను. ఇదంతా దేనికంటే, చీర మరమగ్గం మీద కాదు, మనిషి చేత్తోనే నేసిందని మొదటి పోగు నుంచి చివరి పోగు దాకా సాక్ష్యం ఉండాలి. మా చీరలు కొనబోయే ప్రమీలారాణి గారి కంపెనీ పెట్టిన షరతు అదొక్కటే. పన్నెండు మగ్గాలూ కలిసి రెండు గంటలు ఆడాలి, ఏ మగ్గం సాక్ష్యమూ మధ్యలో తెగకూడదు. నిలబడితే రెండేళ్ల పని. తెగితే షెడ్డుకు తాళం. ఆ మాట రామసుబ్బమ్మ నా దగ్గర దాచలేదు.

తెగుతున్నది ఏడో మగ్గం ఒక్కటే. అది తిమ్మయ్య తాతది. డెబ్బయ్యేళ్ల మనిషి, ఊళ్లో అందరికంటే సన్నగా నేస్తాడు. మగ్గం ఖాళీగా ఉన్నంతసేపూ ఆయన పెట్టె బుద్ధిగా పలుకుతుంది. ఆయన గుంటలోకి దిగి, నేత మొదలై, కెమెరా తెరుచుకుని పావుగంట గడిచిందా, హాల్లో స్క్రీను మీద ఏడో చుక్క ఎర్రబడుతుంది. అరనిమిషానికి మళ్లీ పచ్చబడుతుంది, తనకేమీ తెలియనట్టు.

కెమెరాలు పెట్టాకే మొదలైంది కాబట్టి, ఆ వీడియోల బరువుకు వైర్లన్నీ కలిసే స్విచ్ తట్టుకోలేకపోతోందని నేను తేల్చేశాను. తేల్చి ఊరుకున్నానా. ఆ స్విచ్ కొనుక్కొచ్చిన సెక్రటరీ మునీంద్రను సభలో అందరి ముందూ నిలబెట్టి, పాత సామాను తెచ్చి కొత్తదని అంటగట్టినావన్నా అని అడిగేశాను. నిన్న సాయంత్రం కొత్త స్విచ్ వచ్చింది. ఇవాళ పొద్దున ఎనిమిదిన్నరకు ఏడో చుక్క మళ్లీ ఎర్రబడింది. మునీంద్ర చప్పట్లు కొట్టాడు. మీరు పత్రిక మూసింది అక్కడే.

చప్పట్లు ఆపి మునీంద్ర నా దగ్గరకు వచ్చాడు.

"ఏం మేడమ్, ఇప్పుడు ఎవుర్ని దొంగను చేస్తావు? ఈ స్విచ్ కూడా నేనే తెచ్చినా. ఇదీ పాతదేనా?"

"ఉండన్నా. రోంతసేపు నన్ను చూసుకోనీ."

"రోంతసేపంటే ఎంతసేపు? ఆ యమ్మ ఈపాటికి నంద్యాల దాటింటాది."

"గమ్మునుండు మునీంద్రా," అంది రామసుబ్బమ్మ తన మగ్గం దగ్గర నుంచే. ఆమెది ఒకటో మగ్గం, తలుపు పక్కనే. ఆమె గొంతు పెంచదు. పెంచకపోయినా షెడ్డంతా వింటుంది. "పాప పని పాప చేస్తాది. నువ్వు పొయ్యి వచ్చేవాళ్లకు కుర్చీలు చూడు."

మునీంద్ర కుర్చీల దగ్గరకు వెళ్లలేదు, కానీ నోరు మూశాడు. నాకు అది చాలు.

మూడో మగ్గం పెట్టె తీసి ఏడోదానికి పెట్టాను. ఏడోదాని పెట్టె తీసుకెళ్లి మూడోదానికి పెట్టాను. రెండు మగ్గాలూ ఆడమన్నాను. స్క్రీను ముందు పావుగంట పైనే కూర్చున్నాను. ఇన్నాళ్లూ తిప్పలు పెట్టిన పెట్టె మూడో మగ్గం మీద చక్కగా పలికింది. ఇన్నాళ్లూ బుద్ధిగా ఉన్న మూడో పెట్టె ఏడో మగ్గం మీద పదిహేడో నిమిషానికి చతికిలబడింది. అంటే జబ్బు పెట్టెది కాదు, చోటుది. ఈ పని మొదటి రోజే చేయాల్సింది. చేయలేదు. స్విచ్చే అని ముందే అనేసుకున్నాను కదా.

"చోటుదైతే చౌడమ్మకు టెంకాయ కొట్టాల," అన్నాడు మునీంద్ర. "దానికి డిప్లమా ఏంటికి?"

ఇద్దరు ముగ్గురు నవ్వారు. నా ఒళ్లు మండింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ మండినప్పుడు మాట్లాడితే ఏమవుతుందో పోయిన సభలోనే చూశాను. ఫోను తీసుకుని వాకిట్లోకి వచ్చి మా నాయనకు చేశాను.

"నాయనా, ఏడోది మల్ల పడింది."

"కరెంటు కొలిచినావా?"

"కొలిచినా. పదిసార్లు కొలిచినా. అయిదు వోల్టులకు రోంత తక్కువ. బాగుండాది."

"ఎప్పుడు కొలిచినావు?"

"పడిపోయినాక."

అవతల వైండింగ్ మిషను చప్పుడు ఆగిపోయింది. మా నాయన మిషను ఆపి మాట్లాడుతున్నాడంటే తిట్లు ఉన్నాయని అర్థం.

"పడిపోయినాక ఏంటికి కొలుస్తావే? పడిపోయినాక దాని నెత్తిన బరువు యాడుంటాది? మూట దించేసిన హమాలీని కాళ్లు నొస్తాండాయా అని అడిగితే ఏం చెప్తాడు? మూట నెత్తిన ఉన్నప్పుడు చూడల్ల. నా అంగడిలో మోటారు ఉత్తగా తిరిగిందని ఎప్పుడన్నా రైతు చేతికి ఇచ్చి పంపినానా? నీళ్లెత్తి చూపించకుండా పంపినానా?"

"లేదు నాయనా."

"పో మల్ల. బిన్నా పో."

నిజానికి ఆ పెట్టెలు నోరులేనివి కావు. కరెంటు తగ్గితే తగ్గిందని లోపల రాసుకుంటాయి. ఆ రాతలతో మెమరీ కార్డు తొందరగా అరిగిపోతుందని వాటిని ఆపించింది ఎవరనుకున్నారు. నేనే. పెట్టె నోరు నేనే మూసి, ఏం జబ్బో చెప్పడం లేదని ఊరందరినీ తిట్టుకుంటూ తిరిగాను.

లోపలికి వచ్చి మీటరు క్లిప్పులు ఏడో పెట్టెకు తగిలించి, "నెయ్యి తాతా, ఆపొద్దు," అన్నాను. తిమ్మయ్య తాత నా వైపు చూడకుండానే నాడె విసిరాడు. పొద్దుటి నుంచీ ఆయన నాతో ఒక్క మాటా మాట్లాడలేదని అప్పుడే గుర్తొచ్చింది.

మగ్గం ఆగి ఉన్నప్పుడు మీటరు నాలుగు పాయింటు తొమ్మిది వోల్టులు చూపించింది. నేత మొదలై కెమెరా తెరుచుకోగానే నాలుగు పాయింటు ఏడుకు దిగింది. అయిదు నిమిషాలకు నాలుగున్నర. ఇంకో పది నిమిషాలకు ఇంకా కిందికి జారింది, హాల్లో నుంచి ఎవరో "ఎర్రబడింది" అని అరిచారు. కరెంటు చాలకపోతే ఈ చిన్న కంప్యూటరు ముందుగా వదులుకునేది నెట్‌వర్కునే. మెదడు మటుకు పని చేస్తూనే ఉంటుంది, కబురు మాత్రం బయటికి పోదు. అందుకే నేను నెట్‌వర్కు వెంట పడ్డాను. అది దెబ్బ తిన్న చోటు కాదు, నొప్పి కనిపించిన చోటు.

అవతలి కొసన, గోడ మీది అడాప్టరు దగ్గర కొలిచాను. అక్కడ అయిదుకు పైనే ఉంది, కదల్లేదు. మధ్యలో ఉన్నది పదహారు అడుగుల తీగ. ఆ తీగలోనే ఎక్కడో కరెంటు ఆగిపోతోంది.

తీగల సంగతి మీకు చెప్పాలి. తడి గుంటల పక్కన కరెంటు వద్దని నేతగాళ్లు పట్టుబట్టారు. అందుకని అడాప్టర్లన్నీ తూర్పు గోడకు పైన వరసగా పెట్టి, అక్కడి నుంచి దూలం వెంబడి ఒక్కో మగ్గానికి ఒక్కో తీగ లాగాను. ఈ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. పన్నెండు మంది సామాను కలిసిపోకుండా ఒక్కో మగ్గానికి ఒక్కో రంగు నూలు. కత్తెర పిడికీ, కూర్చునే చెక్కకూ, నీళ్ల చెంబు మెడకూ ఆ నూలే చుడతారు. నేను తీగలు లాగిన మర్నాటికే ఆడవాళ్లంతా కూర్చుని వాటికీ ఈ కొస నుంచి ఆ కొస దాకా నూలు చుట్టేశారు. రామసుబ్బమ్మ మగ్గానికి ఎరుపు, తిమ్మయ్య తాత మగ్గానికి పసుపు. చూడ్డానికి ముచ్చటగా ఉందని నేనూ మెచ్చుకున్నాను. నూలు కింద తీగ ఎలా ఉందో చూడాలని నాకు తట్టలేదు.

నిచ్చెన వేసుకుని ఎక్కాను. రామసుబ్బమ్మ వచ్చి నిచ్చెన పట్టుకుంది. కాలిన వైండింగు ఎక్కడుందో మా నాయన కళ్లు మూసుకుని వేళ్లతో తడిమి చెప్తాడు. నేనూ పసుపు నూలు మీద వేళ్లు పెట్టి, నిచ్చెన జరుపుకుంటూ అడుగడుగూ తడుముతూ పోయాను. చల్లగా ఉంది, చల్లగా ఉంది, చల్లగా ఉంది. సరిగ్గా ఏడో మగ్గానికి నెత్తిన, తీగ దూలం దిగే వంపు దగ్గర వెచ్చగా తగిలింది. జ్వరం వచ్చిన పిల్ల నుదురంత వెచ్చన.

"అక్కా, దొరికింది," అన్నాను. "నీ కత్తెర రోంత ఇయ్యి. నూలు కోయల్ల."

"నా కత్తెర యాడో పారేసుకుంటి పాపా, మూడు వారాలైతాంది. తిమ్మయ్య మామది అడుగు."

అడగబోయేలోపే నాడె చప్పుడు ఆగిపోయింది.

"కొయ్యొద్దు పాపా," అన్నాడు తిమ్మయ్య తాత.

మిగతా మగ్గాలు కూడా ఒక్కొక్కటే ఆగాయి. ఆయన గుంట గట్టు మీద చేతులు ఆనించి మెల్లగా పైకి లేచాడు. నేను నిచ్చెన మీద, ఆయన కింద. తల ఎత్తి నా కళ్లలోకే చూశాడు.

"ఆడ ఉండేది నా అతుకు," అన్నాడు.

"ఏం అతుకు తాతా?"

"మూడు వారాల కిందట తెల్లార్తోనే వచ్చినా. పసుపు తీగ తెగి యాలాడతాండాది. నువ్వు కడపకు పోయింటివి. పెట్టె పలక్కపోతే నా మగ్గం నిలబడిపోయ్యేటట్ల ఉండాది. అందుకని అతికినా. నూలైతే ఏమి, తీగైతే ఏమి, పోగు పోగే గదా. యాభయ్యేళ్లుగా అచ్చు అతుకుతాండా. నా అతుకు యాడుందో చేత్తో తడిమి చెప్పినోడు ఈ చుట్టుపక్కల ల్యాడు."

అది గొప్ప కాదు, నిజం. మగ్గం మీది పడుగు అయిపోయినప్పుడు పాత కొసలకు కొత్త పడుగు కొసలు కలపడమే అచ్చు అతకడం. వేల పోగులు, ఒక్కొక్కటీ చేత్తో మెలిపెట్టాలి. తిమ్మయ్య తాత అతికిన అచ్చు మీద నేసిన చీరలో ఆ చోటు ఎక్కడుందో దీపం పట్టుకుని వెతికినా కనపడదు. అట్లాంటి మనిషి రాగి తీగను కూడా అలాగే అతికి ఉంటాడు. నాకు ఒక్కసారిగా కథంతా కళ్ల ముందుకు వచ్చింది.

"తాతా, అతికేటప్పుడు వేళ్లకు బూడిద అద్దుకున్నావా?"

ఆయన నన్ను తెలివిలేని పిల్లను చూసినట్టు చూశాడు. "అద్దుకోకుంటే పోగు జారిపోదా? బూడిద లేకుండా ఎవురన్నా అతుకుతారా?"

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నూలు పోగుకైతే బూడిద మేలే చేస్తుంది, పట్టు ఇచ్చి రాలిపోతుంది. రాగి పోగుల మధ్య అది రాలదు, అక్కడే కూర్చుంటుంది, కరెంటుకు అడ్డం పడుతుంది. కెమెరాలు రాకముందు పెట్టె తాగేది కొంచెం, అంత కరెంటు ఆ బూడిదలోంచి ఎట్లాగో దూరి వచ్చింది. కెమెరాలు పెట్టాక రెండింతలు కావాల్సి వచ్చింది. అతుకు వేడెక్కడం, వేడెక్కే కొద్దీ అడ్డం పెరగడం, పావుగంటకు చుక్క ఎర్రబడటం. పది రోజుల నా వెతుకులాట అంతా ఒక చిటికెడు బూడిదలో ఉంది.

మునీంద్రకు కూడా అర్థమైపోయింది. "అంటే ఇన్ని దినాలు ఈ ముసలాయప్ప చేసిన నిర్వాకానికి నేను దొంగనైతినా?" అంటూ ముందుకు వచ్చాడు. "ఒక మాట చెప్పల్ల గదా. ఎవురికీ చెప్పకుండా కరెంటు తీగ మీద చెయ్యేస్తారా?"

తిమ్మయ్య తాత తల వంచుకున్నాడు. ఆయన తల వంచడం ఆ షెడ్డులో ఎవరూ చూసి ఉండరు. నిచ్చెన దిగి మునీంద్రకు ఎదురుగా నిలబడ్డాను.

"అన్నా, తాతది కాదు తప్పు. బరువు మీద కొలవకుండా తిరిగింది నేను. పెట్టె రాసుకునే రాతలు ఆపించింది నేను. తీగ నూలు కప్పుకుని ఉంటే విప్పి చూడనిది నేను. అన్నిటికంటే ముందు, నిజం తెలుసుకోకుండా నిన్ను సభలో అంత మాట అనింది నేను. ఆ మాట తప్పు. అందరి ముందర అన్నా కాబట్టి అందరి ముందరే చెప్తాండా. నన్ను క్షమించు."

మునీంద్ర ఇది ఊహించలేదు. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "సర్లే మేడమ్, పని చూడు," అన్నాడు. ఆ తర్వాత తనే వెళ్లి కుర్చీలు సర్దాడు.

"తాతా," అన్నాను మెల్లగా. "నీ అతుకు తెగలేదు. ఇప్పుడు లాగినా తెగదు. బూడిద ఒక్కటే అడ్డం. ఆ అతుకు కోసి, ఇద్దరం కలిసి మల్ల వేస్తాం. నీ చెయ్యి, నా టంకం. సరేనా?"

ఆయన పసుపు నూలు చుట్టిన తన కత్తెర నా చేతిలో పెట్టాడు.

అడాప్టరు ఆపి, తీగను దూలం మీంచి కిందికి దింపి, నూలు కోసి విప్పాను. అలాంటి అతుకు మా నాయన కూడా చూసి ఉండడు. సన్నటి రాగి పోగులు ఒక్కొక్కటీ విడదీసి, దేనికి దాన్ని జత చూసి మెలిపెట్టి, రెండు పాయలూ ఒకదానికొకటి తగలకుండా వేరువేరుగా నొక్కి, పైన నూలు చుట్టి మైనం రాశాడు. తీగ మందం వెంట్రుక వాసి కూడా పెరగలేదు. నేను పదిసార్లు దాని కింద నుంచి నడిచిపోయానంటే ఆశ్చర్యం ఏముంది. మెలికలు విప్పుతుంటే లోపల బూడిద రంగు పొర వేలికి అంటింది.

అప్పుడు ఇంకొకటి కూడా చూశాను. పాత తీగ కొసలు. పై తొడుగూ లోపలి పోగులూ అన్నీ ఒకే చోట, ఒకే ఏటవాలుగా ఆగిపోయి ఉన్నాయి. ఎలుక కొరికితే ఒక పోగు పొడుగు, ఒకటి పొట్టి ఉంటాయి, తొడుగు మీద పంటిగాట్లు ఉంటాయి. ఇక్కడ ఏమీ లేవు.

తలెత్తి తిమ్మయ్య తాతను చూశాను. ఆయనా నన్నే చూస్తున్నాడు. ఇప్పుడు కాదు అన్నట్టు తల కొంచెం అడ్డంగా ఊపాడు.

"ఎలక కొట్టింటాది," అంది నిచ్చెన దగ్గర నుంచి రామసుబ్బమ్మ. "ఈ షెడ్డులో ఎలకలకేం తక్కువ."

నేను మాట మింగేసి బూడిద పట్టిన కొసలు కత్తిరించి పారేశాను. తీగ వదులుగానే ఉంది, సరిపోయింది. కొత్త రాగి ఎర్రగా మెరిసే దాకా బ్లేడుతో గీకాను. "తాతా, కడుక్కున్న చేతుల్తో," అన్నాను. బూడిద లేకుండా రాగి ఆయన వేళ్లలో రెండుసార్లు జారింది. మూడోసారికి పట్టు దొరికింది. ఆయన ఒక్కో జత మెలిపెడుతుంటే నేను వెంట వెంటనే టంకం కరిగించి పోశాను. పొగకు ఆయన కళ్లు నీళ్లు తిరిగాయి. పొగకే అయి ఉంటుంది. పైన పసుపు నూలు మళ్లీ తనే చుట్టాడు.

మీటరు పెట్టి నేయమన్నాను. నాలుగు పాయింటు తొమ్మిది. కెమెరా తెరుచుకుంది. ఇంచుమించు అక్కడే నిలబడింది. అతుకు మీద వేలు పెట్టాను, చల్లగా ఉంది. పదిహేడు నిమిషాలు దాటాయి. ఇరవై దాటాయి. చుక్క పచ్చగానే ఉంది. నేను వెళ్లి ముఖం కడుక్కుని జడ వేసుకున్నాను. గెలిచే పనికి మనిషి తయారై నిలబడాలి.

ప్రమీలారాణి గారు పదకొండుంబావుకు కారు దిగారు. యాభై ఏళ్ల మనిషి, నూలు చీర, మాట తక్కువ. కాఫీ వద్దని నేరుగా హాల్లోకి వచ్చి స్క్రీను ముందు కూర్చుని, "మొదలుపెట్టండి," అన్నారు. పన్నెండు మగ్గాలూ ఒక్కసారిగా ఆడాయి. ఆ చప్పుడు విన్నవాళ్లకు చెప్పక్కర్లేదు, విననివాళ్లకు చెప్పలేను.

పదిహేడో నిమిషం వచ్చినప్పుడు మునీంద్ర నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఏడో చుక్క మీద నుంచి ఇద్దరం కళ్లు తిప్పలేదు. పద్దెనిమిది అయింది. అతను పెద్దగా ఊపిరి వదిలి, "కుర్చీ వేసుకో మేడమ్, కాళ్లు నొస్తాయి," అన్నాడు. గంటన్నర దగ్గర నాలుగో మగ్గంలో పోగు తెగింది, ఆ మగ్గం నేసే శివజ్యోతి చిటికెలో అతికి నేత సాగించింది, కెమెరా అదీ చూపించింది. ప్రమీలారాణి గారు మొదటిసారి నవ్వారు. "మరమగ్గం అయితే ఇలా ఉండదు," అన్నారు.

రెండు గంటలు నిండేసరికి పన్నెండు చుక్కలూ పచ్చగా ఉన్నాయి. ఒక్క తెగుడు లేదు. ఆవిడ లేచి, మగ్గాల మధ్య నడుచుకుంటూ పోయి ఏడోదాని దగ్గర ఆగి, తిమ్మయ్య తాత నేస్తున్న గుడ్డ మీద చెయ్యి పెట్టి చూశారు. "సోమవారం నుంచి మొదలుపెట్టుకోండి," అన్నారు. అంతే. షెడ్డుకు తాళం పడదు.

అందరూ భోజనాలకు సొసైటీ హాల్లోకి వెళ్లారు. నేను మీటరూ టంకం సామానూ సర్దుకుంటూ షెడ్డులోనే ఉన్నాను. తిమ్మయ్య తాత గుంటలోంచి లేవలేదు.

"భోంచేయవా తాతా?"

"ఇట్ల రా పాపా."

వెళ్లి గుంట గట్టు మీద కూర్చున్నాను. ఆయన తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"నువ్వు కొసలు చూసినావు గదా. నేనూ ఆ దినమే చూసినా. అది తెగింది కాదు. కోసినారు."

"ఎవురు తాతా?"

"నాకు తీగ అతకడం ఒక్కటే అయితే నీకు చెప్పింటా. నువ్వు కడప నుంచి వస్తానే చెప్పింటా. చెప్పలేకపోతి. నా మగ్గం తీగ కోసిన మనిషి మీద నాకు కోపం వచ్చింటే నోరు లేచేది. నాకు కోపం రాలేదు పాపా. భయమైంది. ఈ షెడ్డు నిలబడకూడదని ఆ మనిషే అనుకుంటే, ఇంక మేమంతా ఎవురి మొగం చూసి నేస్తాండామని భయమైంది."

గుంటలో ఓ మూల, కాళ్ల కింద పరిచిన గోనె తొలగించి చిన్న గుడ్డ మూట తీశాడు. "ఆ తెల్లార్జామున తీగ కింద ఇది పడుండాది. మూడు వారాలుగా దీని మీదనే కాళ్లు పెట్టుకోని నేస్తాండా," అని నా చేతిలో పెట్టాడు.

మూట విప్పాను. పోగులు కోసే చిన్న కత్తెర. పిడికి నూలు చుట్టి ఉంది.

ఎర్ర నూలు.

పొద్దున నిచ్చెన పట్టుకుని ఆమె చెప్పిన మాట చెవుల్లో వినపడింది. యాడో పారేసుకుంటి పాపా, మూడు వారాలైతాంది. మూడు నెలలుగా నాకు అన్నం కలిపి పెట్టిన చెయ్యి ఈ పిడి పట్టుకుందంటే నా మనసు ఒప్పుకోలేదు. ఎవరో దొంగిలించి ఉంటారు, ఎవరో ఆమె మీదకు నెట్టాలని అక్కడ పడేసి ఉంటారు. తాతతో ఆ మాటే అనబోయాను.

తలుపు దగ్గర వెలుగుకు ఎవరో అడ్డం వచ్చారు. రామసుబ్బమ్మ. ఒక చేతిలో నాకోసం తెచ్చిన అన్నం పళ్లెం ఉంది. ఆమె చూపు నా ముఖం మీద లేదు, నా చేతి మీద ఉంది.

పళ్లెం జాగ్రత్తగా ఒకటో మగ్గం మీద పెట్టింది.

"అది నాదే పాపా," అంది. గొంతు పెంచలేదు. "ఎవురూ దొంగిలించలేదు. తలుపు మూసి వచ్చి కూర్చో. మామా, నువ్వూ లేవొద్దు. ఏంటికి కోసినానో ఇద్దరూ వినండి."